సెలవు రోజు కాపలా



ఎవరి స్మృతిలో మనం కూర్చున్నామో ఆయన సౌదీలోని ఈ తూర్పు ప్రాంతానికి ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌గా వచ్చి, అదే సెక్షన్‌లో ఫోర్‌మన్‌గా రిటైరయ్యారు. అచ్చులో తన పేరు వేయొద్దని ముందే చెప్పి ఉంచారట. కుటుంబం ఆ మాట పాటిస్తోంది, నేనూ పాటిస్తాను. ఈ హాల్లో చాలామందికి పని నేర్పింది ఆయనే కనుక పేరు చెప్పకపోయినా వచ్చే లోటు లేదు.

ఉద్యోగులు తమ పనిచోటును ఎలా కాపాడుకోగలరో మాట్లాడమన్నారు. ఆ మాట వినగానే మనకు గుర్తొచ్చేది కంపెనీ ఏటా కంప్యూటర్‌లో చూపించే ట్రెయినింగ్. కొన్ని స్లైడ్లు, కొన్ని ప్రశ్నలు, చివర ఒక సర్టిఫికెట్. టీ తాగుతూ ‘నెక్స్ట్’ నొక్కుకుంటూ పోతాం. ఆ స్లైడ్లు మళ్లీ చదివి మీ శుక్రవారం సెలవు పాడుచేయను. ఈ దేశంలోనే జరిగిన కొన్ని సంగతులు చెప్పి, వాటిలో మనలాంటివాళ్ల పాత్ర ఎక్కడుందో వెతుకుతాను.

2012 ఆగస్టు 15. మన దగ్గర జెండా పండుగ. ఇక్కడ రంజాన్ చివరి పది రోజులు, లైలతుల్ ఖద్ర్ ప్రార్థనల కాలం. ఆ రోజు బుధవారం. అప్పట్లో సౌదీలో వారాంతం గురు, శుక్రవారాలు. శుక్ర, శనివారాలకు మార్చింది 2013 జూన్‌లో. అంటే ఆ బుధవారం వారంలో ఆఖరి పనిదినం, అదీ పండుగ ముంగిట. చమురు సంస్థ సౌదీ అరామ్‌కోలో సుమారు 55,000 మంది ఉద్యోగులుంటే ఎక్కువమంది ఇళ్ల దగ్గరే ఉన్నారు. ఉదయం 11 గంటల 8 నిమిషాలకు ఆఫీసు కంప్యూటర్లలో ఫైళ్లు చెరిగిపోవడం మొదలైంది. చెరిగిన చోట మండుతున్న అమెరికా జెండా బొమ్మ ముక్కలు కనిపించాయి. దెబ్బతిన్న కంప్యూటర్లు 30,000 అని కంపెనీయే ప్రకటించింది. ఆ పని చేసిన ప్రోగ్రామ్‌కు, దాని లోపల దొరికిన ఒక ఫోల్డర్ పేరును బట్టి, ‘షమూన్’ అని పేరు పడింది.

నూనె బావులు ఆగలేదు. ఉత్పత్తి నడిపే నెట్‌వర్క్ ఆఫీసు నెట్‌వర్క్ నుంచి వేరుగా ఉండడం వల్ల ఆ గండం గడిచింది. కానీ బావిలోంచి వచ్చిన నూనెను అమ్మాలంటే బిల్లు కావాలి, బిల్లుకు కంప్యూటర్ కావాలి. తర్వాత కంపెనీకి పనిచేసిన భద్రతా నిపుణురాలు క్రిస్ కుబెకా ఆ రోజుల గురించి బహిరంగంగానే చెప్పారు. డేటా సెంటర్లలో సిబ్బంది సర్వర్లకున్న కేబుళ్లను చేతులతో పీకేశారు. కాంట్రాక్టులు కాగితాల మీదికి, ఫ్యాక్సుల మీదికి, టైపురైటర్ల మీదికి వెళ్లాయి. డబ్బు లెక్క తేలక ట్యాంకర్ లారీలు బారులు తీరి వెనక్కి మళ్లాయి. కొత్త హార్డ్ డిస్కుల కోసం కంపెనీ మనుషులు విమానాల్లో ఆగ్నేయాసియా ఫ్యాక్టరీలకే వెళ్లి 50,000 దాకా కొన్నారని ఆమె లెక్క. లక్షల బ్యారెళ్ల నూనె తీసే సంస్థ పాత గుమస్తా చేతిరాతకు దిగింది. ఇంక్ ప్యాడ్ వాడటం తెలిసిన పెద్దవాళ్లకు ఆ కొద్దిరోజులు మహా గిరాకీ అయి ఉంటుంది.

లోపలికి దారి ఎలా దొరికింది? ఐటీ విభాగంలో ఒకరు ఆ ఏడాది మధ్యలో ఒక మోసపు ఈమెయిల్ లింకు తెరిచారని కుబెకా అంటారు. లోపలి మనిషి సాయం ఉండొచ్చని అమెరికా పత్రికలు రాశాయి. ఉద్యోగుల ప్రమేయం లేదని సౌదీ అంతర్గత వ్యవహారాల శాఖ ఆ డిసెంబరులో చెప్పింది. ఆ వాదంలోకి నేను వెళ్లను. నాకు ముఖ్యమనిపించేది తేదీ.

ఎందుకో చెబుతాను. 2006 ఫిబ్రవరి 24న అరామ్‌కోదే అయిన అబ్‌ఖైక్ నూనె ప్లాంటు గేటు మీదికి పేలుడు పదార్థాలతో కార్లు వచ్చాయి. ఇద్దరు గార్డులు ప్రాణాలిచ్చి లోపలికి రానివ్వలేదు. ఆ రోజు శుక్రవారం. షమూన్ రెండోసారి వచ్చింది 2016 నవంబరు 17న. అది గురువారం రాత్రి, ఆఫీసులు మూసి రెండు రోజుల సెలవు మొదలయ్యే వేళ. ఈసారి దెబ్బ తిన్నవాటిలో పౌర విమానయాన సంస్థ కూడా ఉంది. 2017 ఆగస్టు 4న ఒక పెట్రోకెమికల్ కర్మాగారంలో జరిగింది కాసేపట్లో చెబుతాను, అదీ శుక్రవారమే. 2019 సెప్టెంబరు 14న అబ్‌ఖైక్ ప్లాంటు, ఖురైస్ నూనె క్షేత్రాల మీద డ్రోన్లు, క్షిపణులు పడి రోజుకు 57 లక్షల బ్యారెళ్ల ఉత్పత్తి ఆగింది శనివారం తెల్లవారకముందు. అన్నిటినీ చేసినవాళ్లు ఒకరు కారు, ఆయుధమూ ఒకటి కాదు. క్యాలెండర్ మాత్రం ఒకటే.

శత్రువు సెలవు రోజును ఎంచుకునేది పనిచోటు ఖాళీగా ఉంటుందనే. కానీ ఈ దేశంలో పనిచోటు ఎప్పుడూ ఖాళీగా ఉండదు. రంజాన్ చివరి వారంలో, ఈద్ సెలవుల్లో, శుక్రవారం మధ్యాహ్నం జుమ్మా వేళలో కంట్రోల్ రూములో ఎవరుంటారు? పంప్ హౌస్ దగ్గర ఎవరుంటారు? గేటు దగ్గర, సర్వర్ రూము ఏసీ చూసుకునే చోట, శానిటేషన్‌లో, క్యాంటీన్‌లో? మనం ఉంటాం. జగిత్యాల నుంచి వచ్చినవాళ్లు, కడప నుంచి, కోనసీమ నుంచి వచ్చినవాళ్లు. మన పక్కన మలయాళీ, బెంగాలీ, నేపాలీ, ఫిలిప్పీనో. పెద్ద ఆఫీసర్లు ఊళ్లకు వెళ్తారు. సెలవు డ్యూటీకి ఓవర్‌టైమ్ వస్తుందని మనవాళ్లు షిఫ్టులు అడిగి మరీ వేయించుకుంటారు. అంటే దాడికి ఎంచుకున్న రోజున ఈ దేశపు అత్యంత విలువైన కర్మాగారాలు ఎవరి కళ్లెదుట ఉంటున్నాయి? భద్రతా విధానాల్లో పేరైనా కనిపించనివాళ్ల కళ్లెదుట. ఇవాళ నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది.

ఇక 2017కు వద్దాం. పెట్రోకెమికల్ ప్లాంట్లలో పనిచేసేవాళ్లకు ట్రిప్ సిస్టమ్ గురించి చెప్పక్కర్లేదు; మిగతావారి కోసం రెండు మాటలు. ప్లాంటును నడిపే వ్యవస్థ ఒకటి ఉంటుంది. దానికి సంబంధం లేకుండా, పీడనం గానీ ఉష్ణోగ్రత గానీ హద్దు దాటితే ఎవరినీ అడక్కుండా ప్లాంటును ఆపేసే వ్యవస్థ ఇంకొకటి ఉంటుంది. అదే సేఫ్టీ సిస్టమ్. అది పనిచేయకపోతే విషవాయువు బయటికి రావచ్చు, పేలుడు జరగొచ్చు. సౌదీలోని ఆ కర్మాగారంలో ష్నైడర్ కంపెనీ తయారుచేసిన ట్రైకానెక్స్ కంట్రోలర్లు ఆ పని చేస్తున్నాయి. దాడి చేసినవాళ్లు గురిపెట్టింది డబ్బుకు కాదు, ఫైళ్లకు కాదు, ఆ కంట్రోలర్లకు. వాటిలోకి ఎక్కించిన ప్రోగ్రామ్‌ను తర్వాత ‘ట్రైటన్’ అన్నారు. మనుషుల ప్రాణం కాపాడే యంత్రాన్నే లొంగదీసుకోవడానికి రాసిన ప్రోగ్రామ్‌గా లోకానికి తెలిసిన మొదటిది అదే.

ఆగస్టు 4న ప్లాంటు ట్రిప్ అయింది. దాడి చేసినవాళ్ల ప్రోగ్రామ్‌లోనే ఏదో పొరపాటుండి, కంట్రోలర్లు తేడా పసిగట్టి, చేయాల్సిన పనే చేశాయి. అంటే వాళ్ల తప్పు వల్ల మనవాళ్లు బతికారు. అయితే అది మొదటి ట్రిప్ కాదు. అంతకుముందు జూన్‌లోనే ఒక కంట్రోలర్ ఆగిపోయింది. పరీక్షించినవాళ్లు పరికరం లోపమనుకొని, సరిచేసి మళ్లీ పనిలో పెట్టారు. ఎవరినో వేలెత్తి చూపడానికి ఈ మాట అనడం లేదు. ప్లాంటు ఆగితే పైనుంచి ఫోన్లు మోగుతుంటాయి. ‘ఎందుకు ఆగింది’ కన్నా ‘ఎప్పుడు నడుస్తుంది’ అన్నదే అందరూ అడుగుతారు. ఆ ఒత్తిడిలో ‘పార్టు పోయింది’ అన్న జవాబు అందరికీ హాయినిస్తుంది. ఆ హాయి విలువ రెండు నెలలు. ఆ రెండు నెలలూ శత్రువు లోపలే ఉన్నాడు.

నన్ను ఇంకా ఎక్కువ ఆలోచింపజేసింది ఒక చిన్న తాళంచెవి. ట్రైకానెక్స్ కంట్రోలర్ ముఖం మీద కీ స్విచ్ ఉంటుంది: రన్, ప్రోగ్రామ్, రిమోట్, స్టాప్. ‘రన్’లో ఉంటే బయటినుంచి కొత్త ప్రోగ్రామ్ ఎక్కదు. మార్పులు చేయాల్సినప్పుడు మాత్రం ‘ప్రోగ్రామ్’కు తిప్పి, పని కాగానే వెనక్కి తిప్పి, తాళంచెవి తీసి దాచాలి. ఆ కర్మాగారంలో కీ ‘ప్రోగ్రామ్’లోనే ఉండిపోయింది. కోట్ల రియాళ్ల రక్షణ వ్యవస్థ పెట్టి, ఇంటికి తాళం వేసి చెవిని దానికే వదిలేసినట్టయింది. పరాయి దేశంలో ఎక్కడో కూర్చున్నవాడికి ఇంతకన్నా ఏం కావాలి? ఈ దాడి వెనక ఉందంటూ ఒక రష్యన్ పరిశోధన సంస్థ మీద అమెరికా 2020లో ఆంక్షలు పెట్టింది, 2022లో అందులో పనిచేసే ఒకరి మీద కేసు బయటపెట్టింది. అదంతా దేశాల గొడవ. మన గొడవ తాళంచెవిది.

ఆ కీ ఏ స్థానంలో ఉందో చూడడానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు. ప్యానెల్ రూము ఊడ్చే మనిషికీ కనిపిస్తుంది. ఏసీ ఫిల్టర్ మార్చే హెల్పర్‌కూ కనిపిస్తుంది. అది ‘రన్’లో ఉండాలని వాళ్లకు ఒక్కసారి చెప్పి, లేకపోతే ఫలానా నంబరుకు చెప్పమని అంటే, ప్రతి ప్యానెల్ రూముకూ రోజుకు కొన్ని జతల కళ్లు అదనంగా దొరుకుతాయి. ఖర్చు లేని ఈ పని ఎందుకు జరగదు? ఎవరూ వాళ్లకు చెప్పరు. చెప్పినా వాళ్లు నోరు విప్పరు.

మన ఫోర్‌మన్ గారికి ఒక అలవాటుండేది. షిఫ్ట్ అప్పగించేటప్పుడు లాగ్‌బుక్ చదివాక, ఇంజనీర్లందరి ముందే ఆఖరి హెల్పర్‌ను పిలిచి, “కొత్తగ ఏం జూసినవ్ బిడ్డా?” అనేవారు. వాడు ‘ఏం లేదు సార్’ అంటే, “ఏం లేదన్నది కూడ జూసినట్టే” అని నవ్వేవారు. ఏదైనా చెబితే వాడి పేరుతోనే లాగ్‌బుక్‌లో రాయించేవారు. అందులో చాలావరకు పనికిరాని మాటలే. వాల్వు దగ్గర పిల్లి పడుకుంది, పైపు మీద రంగు ఊడింది. ఆయన అవీ రాయించేవారు. అప్పట్లో మాకు విసుగ్గా ఉండేది. పనికిరానివి కూడా రాస్తేనే పనికొచ్చేది చెప్పే ధైర్యం వాడికి వస్తుందని ఆయన లెక్క.

బయటి ప్రపంచంలో ఇలాంటిదే ఒక కథ చెప్పి మళ్లీ ఇక్కడికి వస్తాను. 2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు ఖాతా నుంచి హ్యాకర్లు 8 కోట్ల 10 లక్షల డాలర్లు కాజేశారు. బదిలీలు జరిగింది గురువారం రాత్రి. ఢాకాలో శుక్ర, శనివారాలు సెలవు. శుక్రవారం పొద్దున డ్యూటీకి వచ్చినవాళ్లకు లావాదేవీలు ముద్రించే ప్రింటర్ పనిచేయకుండా కనిపించింది. ఎప్పుడూ ఉండే తంటాయే అనుకున్నారు. నిజానికి దాన్ని ఆపినవాళ్లు హ్యాకర్లు. అదే దోపిడీలో శ్రీలంకకు వెళ్లాల్సిన ఇంకో 2 కోట్ల డాలర్లు మాత్రం ఆగాయి. ఎలా? ఆ సంస్థ పేరులో ‘ఫౌండేషన్’ అన్న మాటకు అక్షరాలు తప్పుగా ఉన్నాయని మధ్యలో ఒక బ్యాంకు ఉద్యోగి గమనించి, వివరణ అడిగారు. ప్రింటర్ దగ్గర అడగని ప్రశ్న ఖరీదు ఎంతో, స్పెల్లింగ్ దగ్గర అడిగిన ప్రశ్న ఆదా ఎంతో ఒకే దోపిడీలో కనిపిస్తుంది. మన హైదరాబాద్‌లోనూ ఏపీ మహేష్ బ్యాంకు 2022 జనవరిలో ఒక వారాంతంలో హ్యాకర్ల చేతిలో 12 కోట్ల రూపాయలకు పైగా పోగొట్టుకుంది. అంతకు రెండు నెలల ముందు సిబ్బందికి రెండు వందలకు పైగా మోసపు మెయిళ్లు వచ్చాయని, ఇద్దరు వాటిని తెరిచారని పోలీసులు చెప్పారు. అంతా ఆ ఇద్దరినే చర్చించారు. తెరవనివాళ్ల సంగతి ఎవరికీ పట్టలేదు. ఇంతమందికి ఇలాంటి మెయిల్ వచ్చిందని ఒక్కరు గట్టిగా అరిచి ఉంటే ఏమయ్యేది? మెయిల్ తెరవకుండా డిలీట్ చేసినవాడు తనను కాపాడుకున్నాడు, అంతే. ‘నాకిది వచ్చింది, చూడండి’ అన్నవాడు బ్యాంకును కాపాడతాడు.

ఇక మన భయం సంగతి. సౌదీలో మనవాడికి ఉద్యోగమంటే జీతం ఒక్కటే కాదు. ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, ఆ ఉద్యోగం మీదే నిలబడుతుంది, క్యాంపులో మంచం కూడా. ఇక్కడికి రావడానికి ఏజెంటుకు కట్టిన అప్పు ఊళ్లో వడ్డీ పెంచుతూ ఉంటుంది. సూపర్‌వైజర్‌కు నచ్చని మాట అంటే ‘ఫైనల్ ఎగ్జిట్ వేసి పంపేస్తా’ అన్న బెదిరింపు వినని క్యాంపు లేదు. 2021 మార్చి 14 నుంచి అమల్లోకి వచ్చిన సంస్కరణ వల్ల ప్రైవేటు రంగంలో చాలామంది, షరతులకు లోబడి, కఫీల్ (స్పాన్సర్) అనుమతి లేకుండా ఉద్యోగం మారొచ్చు, ఎగ్జిట్ రీఎంట్రీ తీసుకోవచ్చు. నేరాల గురించి సమాచారమిచ్చేవాళ్లకూ సాక్షులకూ రక్షణనిచ్చే చట్టం 2024లో వచ్చింది. మంచివే. కానీ చట్టం రియాద్‌లో మారినంత తొందరగా క్యాంపులో మనిషి గుండె మారదు. ఎదురుగా ఎవరో తెలియని కాంట్రాక్టర్ ప్యానెల్‌కు ల్యాప్‌టాప్ తగిలిస్తుంటే, ‘ఎవరు సార్ మీరు, పర్మిట్ ఉందా’ అని అడగడానికి మన హెల్పర్ పదిసార్లు ఆలోచిస్తాడు. ఆ వచ్చినవాడు ముదీర్ (మేనేజర్) బంధువైతే? ఆలోచించి, తల దించుకొని, చీపురు పట్టుకుంటాడు.

భయానికి తోడు భాష కూడా అడ్డే. జాతీయ సైబర్ భద్రతా సంస్థను సౌదీ ప్రభుత్వం 2017 అక్టోబరులో పెట్టింది. 2018లో అది విడుదల చేసిన కనీస నిబంధనల్లో సిబ్బందికి అవగాహన కార్యక్రమం ఉండాలని స్పష్టంగా ఉంది. నోటీసులు అరబిక్‌లో, ఇంగ్లిష్‌లో వేలాడుతున్నాయి. వాటిని చదవగలిగినవాళ్లు సెలవుల్లో ఉన్నప్పుడు ప్లాంటును కనిపెట్టుకొని ఉండేవాళ్లు వాటిని చదవలేరు. దీన్ని నేను అవగాహన కార్యక్రమం అనలేను.

తప్పంతా పైవాళ్లదే అనుకొని ఇంటికి వెళ్లిపోకండి. మనలో ఒక జబ్బుంది. దాని పేరు ‘మనోడే’. మనోడు లేటుగా వస్తాడు, వాడి బ్యాడ్జి మనం పంచ్ కొడతాం. మనోడు పాస్‌వర్డ్ మర్చిపోతాడు, మనది ఇస్తాం. గేటు దగ్గర వెనకాల ఎవరో వస్తుంటే మర్యాదకు తలుపు పట్టుకొని నిలబడతాం. తెలుగు మాట వినిపిస్తే ఇక అడగనే అడగం. బ్యాడ్జి సంగతి కాస్త ఆలోచించండి. గ్యాస్ లీకై సైరన్ మోగితే అసెంబ్లీ పాయింట్ దగ్గర లెక్క తీస్తారు. కంప్యూటర్‌లో లోపల ఉన్నట్టు కనిపించే మనోడు అక్కడ లేడు. వాడి కోసం ఫైర్ సిబ్బంది ముఖానికి మాస్కులు తగిలించుకొని గ్యాస్‌లోకి వెళ్తారు. వాడు క్యాంపులో నిద్రపోతుంటాడు. మన చిన్న మేలు ఇంకొకరి ప్రాణం మీదికి తెస్తుంది. ఇందులో హ్యాకర్ ప్రమేయమే లేదు.

ఫోన్ల గురించి కూడా ఒక మాట. కవరాల్ వేసుకొని, వెనకాల ట్యాంకుల నంబర్లు కనిపించేలా వీడియో తీసి ఊరికి పంపే పిల్లల్ని చూస్తూనే ఉన్నాం. 2007 నాటి సైబర్ నేరాల చట్టంలో జాతీయ భద్రతకు ముప్పు తెచ్చే సమాచారం కోసం అక్రమంగా కంప్యూటర్ వ్యవస్థల్లోకి చొరబడితే శిక్ష పదేళ్ల జైలు, 50 లక్షల రియాళ్ల జరిమానా దాకా ఉంది. మీ వీడియో అక్కడిదాకా వెళ్తుందని నేననడం లేదు. తెలియక చేశానన్న మాటను అరబిక్‌లో ఎవరు చెప్పిపెడతారో మాత్రం ముందే ఆలోచించుకోండి. హిందీలో, ఉర్దూలో ఫోన్ చేసి ప్రభుత్వ సేవల యాప్ అబ్షర్ ఓటీపీ అడిగేవాళ్ల గురించి మీకందరికీ తెలుసు. దాంతో మీ సొంత డబ్బే పోతుందనుకుంటున్నారు. ఆ ఫోన్‌లోనే కంపెనీ మెయిల్ కూడా ఉంది.

ఈ హాల్లో ముందు వరుసల్లో కూర్చున్నవాళ్లలో చాలామంది సూపర్‌వైజర్లు, ఇంజనీర్లు, ఒకరిద్దరు మేనేజర్లు కూడా ఉన్నారు. మీకే నా విన్నపం. మీ సెక్షన్‌లో ఒక ఫోన్ నంబరు పెట్టండి. దాన్ని తెలుగులో, హిందీలో, ఉర్దూలో, మలయాళంలో, బెంగాలీలో, నేపాలీలో, తగలోగ్‌లో పెద్ద అక్షరాలతో రాయించి ప్యానెల్ రూము తలుపు మీద, క్యాంటీన్ గోడ మీద, క్యాంపు బస్సులో అంటించండి. ఫోన్ ఎత్తేవాడికి అందులో మూడు భాషలైనా రావాలి. చేసినవాడి పేరు ముందు అడగొద్దు. మొదటిసారి ఎవరో హెల్పర్ చెప్పింది తప్పని తేలితే, వాణ్ని టూల్‌బాక్స్ టాక్‌లో అందరి ముందూ మెచ్చుకోండి. రెండోవాడు నోరు విప్పాలా వద్దా అన్నది ఆ పూటే తేలిపోతుంది. ఇందుకు బడ్జెట్ అక్కర్లేదు, పెద్దాఫీసు అనుమతి కూడా పెద్దగా అక్కర్లేదు. వచ్చే ఈద్ సెలవులకు షిఫ్ట్ రోస్టర్ వేయకముందే ఈ పని పూర్తి చేయండి.